అంకె, కొలత, చదివే పద్ధతి: గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతపు లెక్కల రాత నుంచి టెక్స్ట్ ఫైలు దాకా

వ్యాససంగ్రహం

రాతలో కనిపించే అంకెల వరుస దానంతట అది సంఖ్య కాదు. దాన్ని ఏ క్రమంలో చదవాలో, ఏ కొలతతో చదవాలో తెలిసినప్పుడే అది సంఖ్య అవుతుంది. కృష్ణా, తుంగభద్రా తీరాల్లోని గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతాల్లో శాసనాల భూతసంఖ్యలు, కరణాల నాలుగో వంతుల లెక్క, నిజాం దఫ్తరుల సియాఖ్ రాత, ఎకరాలు-గుంటల పద్ధతి ఒకదాని తర్వాత ఒకటి, కొన్నిచోట్ల ఒకదాని పక్కన ఒకటి వాడుకలో ఉన్నాయి. ఈ పద్ధతుల్లో చదివే నియమం ఎక్కడ దాగి ఉందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. పాత దస్త్రాలను కంప్యూటరు టెక్స్ట్ ఫైళ్ళలోకి ఎక్కించేటప్పుడు ఆ నియమం ఎలా జారిపోతుందో, దాన్ని నిలుపుకోవడానికి ఏం చేయవచ్చో వివరిస్తుంది.

కీలకపదాలు: తెలుగు అంకెలు, భూతసంఖ్యలు, భిన్నాలు, కవిలె, సియాఖ్, పహాణీ, గుంటలు, యూనికోడ్, టెక్స్ట్ ఫైలు.

1. ప్రవేశిక

గద్వాల, వనపర్తి, జటప్రోలు సంస్థానాల పేర్లు తెలుగు పరిశోధకులకు ప్రధానంగా సాహిత్యపోషణ ద్వారా పరిచితం. గద్వాలకు ‘విద్వద్గద్వాల’ అన్న ప్రశస్తి ఉంది. జటప్రోలు ప్రభువు సురభి మాధవరాయలు ‘చంద్రికాపరిణయము’ రచించాడు. ఆచార్య తూమాటి దొణప్ప సంస్థానాల సాహిత్యసేవను సమగ్రంగా పరిశోధించారు. ఈ ప్రాంతానికే చెందిన సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో కావ్యాల నుంచి జనజీవనాన్ని వెలికితీసే మార్గం చూపారు. కావ్యంతో పాటు సంస్థానం నిత్యం రాయించిన మరో రాత ఉంది. అది లెక్కల రాత. ఎవరి పొలం ఎంత, ఎన్ని తూముల ధాన్యం ఇల్లు చేరింది, ఎంత పన్ను బాకీ అన్న వివరాలు కవిలెల్లో, దఫ్తరుల్లో నమోదయ్యాయి. పద్యపాఠాన్ని పరిష్కరించడానికి తెలుగు పరిశోధకులకు నిర్దిష్టమైన పద్ధతులున్నాయి. సంఖ్యాపాఠాన్ని పరిష్కరించే పద్ధతిపై అంత చర్చ జరగలేదు.

ఈ చర్చ ఇప్పుడు అవసరం కావడానికి కారణం డిజిటలీకరణ. 2016 అక్టోబరు 11న పాత మహబూబ్‌నగర్ జిల్లా నుంచి జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలు ఏర్పడ్డాయి. శాసనపాఠాలు, రాతప్రతులు, భూమి లెక్కలు క్రమంగా కంప్యూటరు ఫైళ్ళుగా మారుతున్నాయి. పద్యంలో ఒక అక్షరం తప్పితే ఛందస్సు పట్టిస్తుంది. లెక్కలో ఒక చుక్క తప్పుగా చదివితే పట్టించేదేమీ ఉండకపోవచ్చు. పైగా అక్కడ తప్పేది ఒకరి పొలం.

2. శాసనంలో సంఖ్య: చదివే క్రమం

ఈ మూడు జిల్లాలూ శాసనసంపద గలవి. అలంపురంలో బాదామి చాళుక్యుల కాలపు శాసనాలున్నాయి. నాగర్‌కర్నూల్ జిల్లాలోని నందివడ్డెమాను కాకతీయుల కాలంలో గోన వంశీయుల కేంద్రమైన వర్ధమానపురం. మధ్యయుగ శాసనాల్లో కాలాన్ని చెప్పడానికి అంకెలతో పాటు భూతసంఖ్యలను కూడా వాడారు. గగనం సున్న, శశి ఒకటి, నేత్రం రెండు, బాణం ఐదు, రుద్రుడు పదకొండు, అర్కుడు పన్నెండు. అంకెలు ఎడమవైపుగా నడుస్తాయన్నది ఈ పద్ధతిలోని నియమం. అంటే ముందు చెప్పిన మాట ఒకట్ల స్థానానికి, తర్వాతి మాట పదుల స్థానానికి చెందుతుంది.

ఉదాహరణకు ‘గగన-బాణ-అర్క’ అన్న వరుసను తీసుకుంటే గగనం 0, బాణం 5, అర్కుడు 12. మాటల వరుసను తిప్పి చదివితే 12, 5, 0, అంటే శకవర్షం 1250. దీన్ని యంత్రానికి అప్పగించేటప్పుడు ముందుగా అన్నింటినీ అంకెలుగా మార్చి 0512 అని రాసి, ఆ వరుసను తలకిందులు చేస్తే 2150 వస్తుంది. తిప్పవలసినవి మాటలే తప్ప అంకెలు కావు. అర్కుడు రెండంకెల విలువ గల ఒకే పదం. దాని లోపలి అంకెల క్రమం మారకూడదు. నియమం తెలిసిన పండితుడు ఇంత చిన్న విషయాన్ని విడిగా చెప్పుకోడు. యంత్రానికి మాత్రం చెప్పి తీరాలి.

భూతసంఖ్యలకు మరో చిక్కు ఉంది. కొన్ని మాటలకు ఒకటి కంటే ఎక్కువ విలువలున్నాయి. లోకాలు మూడు, ఏడు, పద్నాలుగు అని మూడు విధాలుగా లెక్కకు వస్తాయి. ‘లోక-బాణ-అర్క’ అన్నప్పుడు ఒకట్ల స్థానంలో లోకం మూడైతే శకవర్షం 1253, ఏడైతే 1257. ఇక్కడ శాసనకర్తలు పాటించిన అలవాటు అక్కరకు వస్తుంది. వారు శకవర్షంతో పాటు ప్రభవాది సంవత్సరం పేరు కూడా చెబుతారు. గత శకవర్షం 1253 ప్రజోత్పత్తి, 1257 యువ. సంవత్సరం పేరు చూడగానే సందేహం తీరుతుంది. గత శకవర్షమా, వర్తమాన శకవర్షమా అన్న తేడాను తేల్చడానికీ ఇదే ఆధారం.

కంప్యూటరు శాస్త్రంలో పంపిన సంఖ్య చెడకుండా చేరిందో లేదో తెలుసుకోవడానికి దాని వెంట ఒక సరిచూపు అంకెను పంపుతారు. సంవత్సరం పేరు శాసనంలో అదే పని చేస్తున్నది. ప్రామిసరీ నోటులో సొమ్మును అంకెల్లో రాసి, పక్కన ‘అక్షరాల’ అని మాటల్లో మళ్ళీ రాయడం కూడా ఈ కోవలోదే. అంకెలకూ మాటలకూ పొంతన కుదరనప్పుడు మాటల్లో రాసిన మొత్తమే చెల్లుతుందని 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలోని 18వ సెక్షను చెబుతుంది. సంఖ్యను రెండు విధాలుగా రాయడం పునరుక్తి దోషం కాదు. అది సంఖ్యకు పెట్టుకున్న కాపలా.

3. కవిలెలో సంఖ్య: నాలుగో వంతుల లెక్క

శాసనంలో సంఖ్య అరుదుగా, గంభీరంగా కనిపిస్తుంది. కరణం కవిలెలో అది దినచర్య. ధాన్యం కొలతల్లో పుట్టికి ఇరవై తూములు, తూముకు నాలుగు కుంచాలు, కుంచానికి నాలుగు మానికలు, మానికకు నాలుగు సోలలు, సోలకు నాలుగు గిద్దెలు. తూము నుంచి గిద్దె వరకు ప్రతి మెట్టూ నాలుగో వంతే. రూపాయి కూడా ఇలాగే దిగుతుంది. రూపాయికి నాలుగు పావలాలు, పావలాకు నాలుగు అణాలు. పదహారో వంతుకు తెలుగులో ‘వీసం’ అన్న ప్రత్యేకమైన పేరుంది.

ఈ లెక్కకు తగినట్లే తెలుగు రాతలో భిన్నాల గుర్తులు ఏర్పడ్డాయి. ఒకటి, రెండు, మూడు పాళ్ళను చూపే గుర్తులు రెండు జట్లు. నాలుగో వంతు, అరవై నాలుగో వంతు వంటి బేసి మెట్లకు ఒక జట్టు. పదహారో వంతు, రెండువందల యాభై ఆరో వంతు వంటి సరి మెట్లకు మరొకటి. బేసి మెట్టులో ఏమీ లేదని చెప్పడానికి ‘హళ్ళి’ అన్న ప్రత్యేకమైన సున్న ఉంది. సరి మెట్టులో మామూలు సున్ననే వాడతారు.

మూడు తూముల రెండు కుంచాల మూడు మానికల ఒక గిద్దె ధాన్యం ఉందనుకుంటే, సోలలు లేవు కాబట్టి ఆ స్థానంలో హళ్ళి వస్తుంది. రాత ౩౺౾౸౼ అవుతుంది. దీని విలువ మూడు తూములు, ఆపైన తూములో 256కు 177 పాళ్ళు. ఈ వరుసలో దశాంశ బిందువు లేదు. పూర్ణాంకం ఎక్కడ ముగిసిందో, భిన్నం ఎక్కడ మొదలైందో గుర్తుల రూపమే చెబుతుంది. రెండు జట్లూ ఒకటి విడిచి ఒకటి రావాలి కాబట్టి, ఒకే జట్టు గుర్తులు పక్కపక్కన కనిపిస్తే మధ్యలో ఒక గుర్తు జారిపోయిందని తెలుస్తుంది. శాసనంలో సంవత్సరం పేరు చేసిన పనిని ఇక్కడ గుర్తుల జట్లే చేస్తున్నాయి.

కొలమానం మాత్రం రాతలో పూర్తిగా కనబడదు. తూము పరిమాణం ప్రాంతాన్ని బట్టి మారేది. భూమిని కూడా దానిలో చల్లే విత్తనంతో లెక్కించి ‘తూమెడు భూమి’, ‘పుట్టెడు భూమి’ అనేవారు. దానశాసనాల్లో కొన్ని భూమిని ఏ గడతో కొలిచారో పేర్కొంటాయి. దానం చిరకాలం నిలవాలి గనుక, కొలిచిన మనుషులు లేని కాలంలోనూ చదివేవారికి తెలియాలి గనుక, గడ పేరు రాతికెక్కింది. కవిలె అలా కాదు. అది రాసిన కరణం వద్దనో, అతని వారసుల వద్దనో ఉండేది. ఆ ఊరి తూము ఎంతో వారికి తెలుసు. తెలిసిన విషయాన్ని రాసుకోవలసిన అవసరం వారికి లేదు. చదివే నియమం శాసనంలో రాతిమీద ఉంటే, కవిలెలో మనిషిలో ఉంది.

4. దఫ్తరులో సంఖ్య: సియాఖ్, ఉర్దూ అంకెలు, ఫసలీ

గ్రామం దాటి పైకి వెళ్ళిన లెక్క భాషను, లిపిని మార్చుకునేది. హైదరాబాదు రాజ్యంలో 1884 వరకు ఫార్సీ, ఆ తర్వాత ఉర్దూ పాలనాభాషలుగా ఉన్నాయి. మొఘలు పాలనాసంప్రదాయం నుంచి దక్కన్ దఫ్తరులకు ‘సియాఖ్’ అనే సంఖ్యారాత వచ్చింది. అరబ్బీ సంఖ్యావాచకాలను కుదించి, గొలుసుగా మార్చి ఈ గుర్తులను రూపొందించారు. ఇందులో ఒకట్లకు, పదులకు, వందలకు, వేలకు వేర్వేరు రూపాలుంటాయి. కాబట్టి ఇది స్థానవిలువ పద్ధతి కాదు, స్థానాన్ని నిలిపే సున్న అవసరమూ లేదు. సున్నాలు చేర్చి సొమ్మును పెంచడం ఇందులో కుదరదు. నేర్చుకోనివారికి చదవడం కూడా కుదరదు.

సియాఖ్ పక్కనే ఉర్దూ అంకెలు వాడుకలో ఉన్నాయి. ఉర్దూ వాక్యం కుడి నుంచి ఎడమకు నడుస్తుంది. అందులోని అంకెలు మాత్రం పెద్ద స్థానం ఎడమన ఉండేట్లుగా రాస్తారు. భూతసంఖ్యలో మాటల దిశకు సంఖ్య దిశ ఎదురైనట్లే, ఇక్కడ వాక్యదిశకు అంకెల దిశ ఎదురవుతుంది. సేత్వారు వంటి పాత భూమి పత్రాల నకళ్ళను తెలుగులోకి ఎక్కించేటప్పుడు గడుల వరుస తారుమారు కాకుండా చూసుకోవలసింది ఇందుకే.

కాలగణన మరో పొర. రెవెన్యూ లెక్కలు ఫసలీ సంవత్సరంలో ఉండేవి. ఫసలీకి 590 కలిపితే ఆ వ్యవసాయ సంవత్సరం మొదలైన క్రీస్తుశకం దాదాపుగా వస్తుంది. తెలంగాణ భూవివాదాల్లో తరచుగా ఆధారంగా చూపే ఖాస్రా పహాణీ 1954-55 సంవత్సరానిది, అంటే ఫసలీ 1364. ఒక పట్టికలో ‘సంవత్సరం’ అన్న శీర్షిక కింద 1364, 1954, 1876 అని మూడు సంఖ్యలు వరుసగా కనిపిస్తే, అవి ఫసలీ, క్రీస్తు, శక సంవత్సరాల్లో ఒకే ఏడాదిని సూచిస్తూ ఉండవచ్చు. శకం పేరు లేకపోతే వాటి మధ్య అయిదు శతాబ్దాల దూరం ఉన్నట్లు యంత్రం లెక్కగడుతుంది.

5. ఒకే చుక్క, రెండు కొలతలు: గుంటలు, సెంట్లు

1949 ఆగస్టు 15న వచ్చిన జాగీర్ల రద్దు రెగ్యులేషన్‌తో హైదరాబాదు రాజ్యంలోని జాగీరుల పాలనకు తెర పడింది. తర్వాతి సంవత్సరాల్లో ఖాస్రా పహాణీ వంటి రికార్డులు భూమి లెక్కకు పునాది అయ్యాయి. వీటిలో విస్తీర్ణం ఎకరాలు, గుంటల్లో ఉంటుంది. ఎకరాకు 40 గుంటలు, గుంటకు 121 చదరపు గజాలు. రెండెకరాల పదిహేను గుంటలను ‘2-15’ అనో ‘2.15’ అనో రాస్తారు.

గద్వాల, అలంపురం తాలూకాలు 1956 వరకు హైదరాబాదు రాజ్యంలోని రాయచూరు జిల్లాలో ఉండేవి. రాష్ట్రాల పునర్విభజనతో మహబూబ్‌నగర్ జిల్లాలో చేరాయి. తుంగభద్రకు అవతల ఉన్న కర్నూలు మద్రాసు ప్రభుత్వపు పాలనలో ఉండేది. అక్కడి లెక్క ఎకరాలు, సెంట్లు. ఎకరాకు 100 సెంట్లు. గ్రామ లెక్క పేరు కూడా ఈవల పహాణీ, ఆవల అడంగల్. అలంపురం వైపు రాసిన 2.15లో చుక్క తర్వాతి 15కు అర్థం నలభైలో పదిహేను, అంటే ఎకరాలో 0.375. కర్నూలు వైపు అదే 15కు అర్థం వందలో పదిహేను. అంకెలు, చుక్క, లిపి అన్నీ ఒకటే. నేల మాత్రం వేరు. రెండింటి మధ్య తేడా 0.225 ఎకరం, అంటే తొమ్మిది గుంటలు. శ్రీశైలం జలాశయం నదికి ఇరువైపులా ఊళ్ళను ముంచింది. నిర్వాసితుల భూమి వివరాలను రెండు ఒడ్ల నుంచి సేకరించి ఒకే పట్టికలో పెట్టే పరిశోధకుడికి ఈ భేదం మొదటి పాఠం కావాలి.

‘ఎకరాలు.గుంటలు’ రాతలోని చుక్క దశాంశ బిందువు కాదు. రెండు వేర్వేరు కొలతలను విడదీసే గీత మాత్రమే. పట్వారీకి ఈ సంగతి తెలుసు. అతడు కూడికలో గుంటలను విడిగా కూడి, నలభై నిండితే ఎకరానికి చేరుస్తాడు. 2.30కి 1.20 కలిపితే అతని లెక్కలో 4.10 వస్తుంది. దశాంశ సంఖ్యలుగా చదివిన యంత్రానికి 3.50 వస్తుంది. ఇక్కడ తప్పు కళ్ళకు కడుతుంది, ఎందుకంటే గుంటలు 39కి మించి ఉండకూడదు. 2.25కు 1.25, దానికి 3.25 కలిపినప్పుడు యంత్రానికి 6.75, పట్వారీకి 7.35 వస్తాయి. ఇదీ దొరుకుతుంది. కానీ 2.35, 1.35, 1.35, 1.25 అన్న నాలుగు కమతాలను కూడితే యంత్రానికి 6.30 వస్తుంది. అది చూడడానికి సరైన విస్తీర్ణంలాగే ఉంటుంది. నిజానికి మొత్తం 8 ఎకరాల 10 గుంటలు. ఎకరాల 20 గుంటల భూమి ఎవరి కంటా పడకుండా మాయమైంది. ఆ తప్పును గుర్తుపట్టడానికి పంక్తిలో మరే ఆధారమూ లేదు.

సొమ్ముతో ముడిపడినప్పుడు దీని బరువు తెలుస్తుంది. 2018లో మొదలైన రైతుబంధు పథకం కింద తొలి ఏడాది పంటకాలానికి ఎకరాకు 4,000 రూపాయలు, అంటే గుంటకు 100 రూపాయలు. రెండెకరాల పదిహేను గుంటల రైతుకు రావలసింది 9,500 రూపాయలు. 2.15ను దశాంశంగా చదివి హెచ్చిస్తే 8,600 అవుతుంది. ఒక చుక్కను వేరే విధంగా చదవడం చిన్నరైతుకు తొమ్మిదివందల రూపాయల తేడా.

6. టెక్స్ట్ ఫైలులో సంఖ్య

భూమి రికార్డుల కంప్యూటరీకరణ కేంద్రప్రభుత్వ పథకంగా 1988-89లో ఎంపిక చేసిన కొన్ని జిల్లాల్లో ప్రయోగాత్మకంగా మొదలైంది. నాటి ఆంధ్రప్రదేశ్ నుంచి రంగారెడ్డి జిల్లా అందులో ఉంది. తెలంగాణలో 2020 అక్టోబరులో ధరణి, 2025 ఏప్రిల్‌లో భూభారతి వచ్చాయి. గ్రామ లెక్క రాసే పట్వారీ వ్యవస్థ 1980లలోనే రద్దయింది. మనిషిలో ఉండిన నియమానికి ఇక ఫైలులో చోటు కావాలి.

టెక్స్ట్ ఫైలు అంటే అక్షరాల వరుస. అందులోని ‘25’ అన్నది 2, 5 అనే రెండు అక్షరాలే తప్ప ఇరవై అయిదు కాదు. ప్రోగ్రాము ఆ అక్షరాలను చదివి విలువగా మారుస్తుంది. లెక్క చేశాక విలువను మళ్ళీ అక్షరాలుగా రాస్తుంది. ఈ రాకపోకల్లో తెలుగు దస్త్రాలకు ఎదురయ్యే చిక్కులు ప్రధానంగా నాలుగు.

మొదటిది అంకెల గుర్తింపు. తెలుగు అంకెలు యూనికోడ్‌లో ఆది నుంచీ ఉన్నాయి. వాటిని దశాంశ అంకెలుగా వర్గీకరించారు. అందువల్ల పైథాన్ భాష ‘౨౫’ను ఇరవై అయిదుగా చదవగలదు. జావాస్క్రిప్ట్ ఇది సంఖ్య కాదంటుంది. సి భాషలోని పాత చదివే సాధనాలు ఏ హెచ్చరికా లేకుండా సున్నను తిరిగి ఇస్తాయి. పట్టికలో నిజంగా సున్న ఉన్న గడికి, చదవలేక సున్న అయిన గడికి తేడా లేకుండా పోవడం అన్నిటికంటే ప్రమాదకరం.

రెండవది భిన్నాల గుర్తులు. వెన్న నాగార్జున సమర్పించిన ప్రతిపాదన ఫలితంగా తెలుగు భిన్నాల గుర్తులు, తూము గుర్తు 2008లో యూనికోడ్ 5.1లో చేరాయి. సియాఖ్ గుర్తులకు 2018లో యూనికోడ్ 11.0లో చోటు దొరికింది. అక్షరానికి సంకేతం దొరకడంతో చదవడం పూర్తికాదు. ౺ అన్న గుర్తుకు యూనికోడ్ పట్టికలో ఉన్న విలువ రెండు. కవిలెలో దాని విలువ నాలుగింట రెండు కావచ్చు, అరవై నాలుగింట రెండూ కావచ్చు. వరుసలో దాని స్థానాన్ని బట్టి తేల్చే నియమాన్ని ప్రోగ్రాము రాసేవారే చేర్చాలి.

మూడవది విరామచిహ్నాలు. భారతీయ పద్ధతిలో లక్షా ఇరవై అయిదు వేలను 1,25,000 అని రాస్తాం. గడులను కామాతో విడదీసే ఫైలులో దీన్ని ఉటంకింపు గుర్తుల మధ్య ఉంచకపోతే ఒక గడి మూడు గడులవుతుంది. 12/5 అన్న సర్వే నంబరును స్ప్రెడ్‌షీట్ తేదీగా మార్చివేస్తుంది. సర్వే నంబరు అంకెలతో రాసిన పేరు. దాన్ని కూడడం, హెచ్చించడం ఉండవు. కనుక దాన్ని సంఖ్యగా చదవడమే తప్పు.

నాలుగవది రాసి చదివినప్పుడు కలిగే నష్టం. రెండెకరాల పది గుంటలను 2.10 అని రాస్తే, దశాంశంగా చదివిన ప్రోగ్రాము తిరిగి రాసేటప్పుడు చివరి సున్నను వదిలి 2.1 అంటుంది. తర్వాత చదివే మనిషి దాన్ని రెండెకరాల ఒక గుంటగా అర్థం చేసుకుంటే తొమ్మిది గుంటలు, అంటే 1,089 చదరపు గజాలు పోయినట్లే. గణితంలో విలువ లేని సున్నకు పహాణీలో పది గుంటల అర్థం ఉంది.

ఇదే వరుసలో యంత్రపు ద్విసంఖ్యామానం కూడా గమనింపదగినది. 1985 నాటి ఐఈఈఈ 754 ప్రమాణం ప్రకారం పనిచేసే యంత్రం భిన్నాలను రెండు ఘాతాల మొత్తాలుగా నిలువ చేస్తుంది. పదో వంతు, వందో వంతు అందులో పూర్తిగా ఇమడవు. అందుకే 0.1కి 0.2 కలిపితే చాలా భాషల్లో 0.30000000000000004 కనిపిస్తుంది. దశాంశ రాతను యంత్రవిలువగా కచ్చితంగా చదవడం ఎలా, యంత్రవిలువను దశాంశంగా కచ్చితంగా రాయడం ఎలా అన్న ప్రశ్నలు ఎంత కఠినమైనవంటే, వాటిపై విలియం క్లింగర్ ఒక పత్రం, గై స్టీల్, జాన్ వైట్ మరో పత్రం 1990లో ఒకే సదస్సులో సమర్పించారు. కవిలెలోని నాలుగో వంతుల లెక్కకు మాత్రం ఈ బెడద లేదు. నాలుగు రెండుకు ఘాతమే కాబట్టి పావు, వీసం, 256లో 177 పాళ్ళు యంత్రంలో శేషం లేకుండా ఇముడుతాయి. వీసాల భాషలో రాసిన పాత లెక్క నేటి యంత్రానికి సెంట్ల లెక్క కంటే దగ్గరిది. గుంట రెండింటికీ మధ్యలో ఉంది. ఐదు గుంటలు ఎకరాలో ఎనిమిదో వంతు కాబట్టి కచ్చితంగా ఇముడుతాయి, ఒక గుంట ఇమడదు.

7. అనుసరించదగిన పద్ధతి

పై పరిశీలన నుంచి దస్త్రాలను ఎక్కించేవారికి ఉపకరించే కొన్ని నియమాలు తేలుతాయి. మొదటిది, మూలంలో ఉన్న రూపాన్ని మార్చకుండా ఒక గడిలో అక్షరాలుగానే నిలుపుకోవాలి. తెలుగు అంకెలుంటే తెలుగు అంకెలుగా, హళ్ళి ఉంటే హళ్ళిగా, చివరి సున్న ఉంటే సున్నతో సహా రాయాలి. రెండవది, లెక్కకు వాడే విలువ పక్క గడిలో ఉండాలి. భూమి విస్తీర్ణానికి ఎకరాలు ఒక గడి, గుంటలు ఒక గడి పెట్టడమో, మొత్తాన్ని గుంటల్లోకి మార్చి పూర్ణాంకంగా రాయడమో మంచిది. 2.15 అప్పుడు 95 అవుతుంది. కూడికలో గాని, తిరిగి రాయడంలో గాని దానికి చిక్కు లేదు. మూడవది, కొలమానం పేరు, శకం పేరు ప్రతి పట్టికలోనూ ఉండాలి. దానశాసనం గడ పేరు చెప్పినట్లు ఫైలు తన కొలత పేరు చెప్పాలి. నాలుగవది, సరిచూపుకు ఆధారం ఉంచాలి. శకవర్షం పక్కన సంవత్సరం పేరు, కమతాల పక్కన మూలంలో పట్వారీ వేసిన మొత్తం ఎక్కించాలి. చదవలేని చోట సున్న పెట్టకుండా ఖాళీ విడిచి, కారణం రాయాలి.

ఈ పనిలో సాంకేతిక నిపుణుడి పాత్ర ఎంతో తెలుగు పరిశోధకుడి పాత్ర అంతే. ‘లోక’ అన్న మాటకు ఎన్ని విలువలున్నాయో, హళ్ళి ఏ స్థానంలో వస్తుందో, అలంపురం పహాణీలోని చుక్కకు అర్థమేమిటో ప్రోగ్రాము తనంతట తాను తెలుసుకోలేదు. పాఠాంతరాలను నమోదు చేయడం, మూలాన్ని దిద్దకుండా దిద్దుబాటును పక్కన చూపడం గ్రంథపరిష్కర్తలకు అలవాటైన క్రమశిక్షణ. సంఖ్యాపాఠానికి కావలసిందీ ఆ క్రమశిక్షణే.

8. ముగింపు

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతపు సంఖ్యారాతలను వరుసగా చూసినప్పుడు ఒక విషయం స్పష్టమవుతుంది. ప్రతి పద్ధతిలోనూ అంకెల వెంట ఒక చదివే నియమం ఉంది. శాసనం దాన్ని సంవత్సరం పేరుగా, గడ పేరుగా రాతిలో చెక్కింది. కవిలె కొంత గుర్తుల జట్లలోనూ, కొంత కరణం జ్ఞాపకంలోనూ దాచింది. సియాఖ్ దఫ్తరు దాన్ని గుమాస్తాల శిక్షణకు అప్పగించింది. పహాణీ పట్వారీ అలవాటుకు వదిలింది. టెక్స్ట్ ఫైలుకు జ్ఞాపకం లేదు, అలవాటు లేదు. రాసినది మాత్రమే అందులో ఉంటుంది. ఈ కారణం చేత అది కవిలె కంటే శాసనానికి దగ్గరిది: రాసినవారు లేని కాలంలో, ఆ ఊరు ఎరుగని చదువరి ముందు నిలబడవలసిన రాత. కొలత పేరు, శకం పేరు, సరిచూపు మొత్తం చెప్పకుండా ఎక్కించిన సంఖ్య ఎంత అందమైన పట్టికలో ఉన్నా సగం రాసిన శాసనమే. చివరి పట్వారీ తరం వారు ఇంకా కొందరు ఈ జిల్లాల్లో ఉన్నారు. వారికి తెలిసిన చదివే నియమాలను దస్త్రాలతో పాటు నమోదు చేయడం స్థానికచరిత్ర పరిశోధకులు ఆలస్యం చేయకూడని పని.